మునిరత్నమ్మ అడిగిన పికప్

ఖాజామొహిద్దీన్ ఉస్తాద్‌ను ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఇంజన్‌లో ఆ టకటక ఎక్కడి నుంచి వస్తోందని శిష్యుడు అడిగితే, స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని వాడి చెవిలో పెట్టేవాడు. ఆయిల్ ఎప్పుడు మార్చాలని అడిగితే, పాత ఆయిల్ రెండు చుక్కలు వాడి వేళ్ళ మధ్య వేసి రుద్దుకోమనేవాడు. మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు నలభై ఏళ్ళుగా ఉంది. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉన్నారు. ఉస్తాద్ మాట్లాడితే పని అయిపోయినట్టు, మాట్లాడకపోతే పని మొదలైనట్టు అని వాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు.

సిద్దప్ప అనే శిష్యుడు అడిగిన ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఇది. సిద్దప్పే నాకు చెప్పాడు. ఏళ్ళు గడిచినా, చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం చల్లారలేదు. ఆ కోపం ఎవరి మీదో మాత్రం చాలాసేపటిదాకా నాకు అర్థం కాలేదు.

అప్పటికి సిద్దప్పకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఐటీఐ చదివి, ఆ షెడ్డులో చేరి ఐదేళ్ళయింది. చేతిలో మంచి పనితనం ఉంది. కార్బురేటర్ విప్పి, కళ్ళు మూసుకుని మళ్ళీ కూర్చగలడు. ఆ సంవత్సరమే రోడ్డుకు అవతలి పక్క కొత్త షాపు ఒకటి తెరిచారు. ముందంతా అద్దాలు, గోడల మీద పందెం బళ్ళ బొమ్మలు. చిన్న బళ్ళకు తక్కువ ఖర్చులో వేగం పెంచిస్తామని బోర్డు పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు అక్కడ బారులు తీరారు. ఉస్తాద్ దగ్గరికి మాత్రం పాలవాళ్ళు, పోస్టుమ్యాన్లు, టమోటా మండీ హమాలీలు వచ్చేవాళ్ళు.

ఒకరోజు ముగ్గురు కుర్రాళ్ళు వంద సీసీ బండి ఒకటి తెచ్చి, దానికి స్పీడు కావాలి, సౌండు కావాలి అన్నారు. ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బండి బాగుండాది, పోయి రాండి" అన్నాడు. వాళ్ళు రోడ్డు దాటి ఎదురు షాపుకు పోయారు. సాయంత్రానికి అదే బండి మీద తిరిగొచ్చి, షెడ్డు ముందు నిలబెట్టి, చెవులు చిల్లులు పడేలా యాక్సిలరేటర్ తిప్పారు. "తాతా, గాలి పట్టడమన్నా వచ్చునా నీకు?" అని ఒకడు అరిచాడు. ముగ్గురూ నవ్వుకుంటూ పోయారు. ఉస్తాద్ తల ఎత్తలేదు. సిద్దప్ప చేతిలోని స్పానర్ మాత్రం ఆగలేదు. అప్పుడు బిగిస్తున్న బోల్టు మర పోయేదాకా అది తిరుగుతూనే ఉంది.

అతను లేచి నిలబడి అడిగాడు: "తక్కువ ఖర్చులో బండికి పికప్ పెంచడం నీకు చేతకాదా? లేదంటే చేతనయ్యీ, మమ్మల్ని ఈ మురికిగుంటలోనే ఉంచాలని మొండికేసినావా?"

ఐదేళ్ళలో అతను ఉస్తాద్‌ను ఎన్నడూ 'నువ్వు' అనలేదు. అదే మొదటిసారి. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ చేతులాపి చూశారు. ఉస్తాద్ ముందుకొచ్చి, మర పోయిన బోల్టును పావుగంట కష్టపడి బయటికి తీసి, దాని చోట వేరే బోల్టు వేసి, చేతులు కడుక్కుని నమాజుకు వెళ్ళిపోయాడు. ఆ మౌనానికి సిద్దప్ప ఒకటే అర్థం చెప్పుకున్నాడు: ముసలాయనకు చేతకాదు. చేతకాదని ఒప్పుకోవడానికి మనసు రాదు.

నీరుగట్టువారిపల్లెలో సిద్దప్ప ఉండే వీధిలోనే మునిరత్నమ్మ అనే ఆమె ఉండేది. నలభై అయిదేళ్ళ మనిషి. భర్త మగ్గం నేసేవాడు. ఆమె మాత్రం పన్నెండేళ్ళుగా తెల్లవారుజామునే మోటారుసైకిల్ మీద హార్సిలీ కొండ ఎక్కి, అక్కడ సూర్యోదయం చూడటానికి వచ్చినవాళ్ళకు ఇడ్లీలు అమ్మేది. బండికి రెండు పక్కలా పిండిగిన్నెలు, వెనక చిన్న గ్యాస్ సిలిండర్, ముందు ట్యాంకు మీద చట్నీ డబ్బా. ఆడమనిషి మోటారుసైకిల్ నడపడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళు, తర్వాత తర్వాత పొద్దున్నే ఆమె బండి శబ్దం వినబడితే టైము చూసుకోకుండానే లేచేవాళ్ళు.

ఉస్తాద్ మీద కోపం ఇంకా చల్లారని ఆ ఆదివారం, ఆమె బండి తోసుకుంటూ సిద్దప్ప వాకిట్లోకి వచ్చింది.

"నాయనా సిద్దప్పా, బండికి పికప్ లేకుండా పోయింది. నువ్వన్నా చూడు" అంది.

ఆ ఒక్క మాట చాలింది. బెంగుళూరు నుంచి తెప్పించి, చూపించడానికి ఎవరూ దొరక్క మంచం కింద దాచిపెట్టిన సామాను అతని దగ్గర ఉంది: పొట్టి సైలెన్సర్, డబ్బా లేకుండా నేరుగా గాలి పీల్చే ఫిల్టరు, కార్బురేటర్‌లో పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్టు, చైనుకు వెనక పక్క వేస్తే చదునులో వేగం పెంచే చిన్న పళ్ళచక్రం. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. సిద్దప్ప అప్పటికే పాత సైలెన్సర్ నట్లు విప్పుతున్నాడు. మధ్యాహ్నానికల్లా పని పూర్తిచేసి, బెంగుళూరు రోడ్డు మీదికి తీసుకుపోయి చూశాడు. బండి బాణంలా పోయింది. లారీలను దాటింది. గాలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉస్తాద్ ఒకసారి చూస్తే బాగుండుననుకున్నాడు. ఆమె దగ్గర సామాను ఖరీదు కూడా అడగకుండా, గర్వంగా తాళం చేతికిచ్చాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం షెడ్డు ముందు ఒక లగేజీ ఆటో ఆగింది. వెనక మునిరత్నమ్మ బండి పడేసి ఉంది. హ్యాండిల్ వంకర పోయింది, పిండిగిన్నె ఒకటి నొక్కుకుపోయింది. ముందు సీట్లోంచి ఆమె కుడికాలు ఈడ్చుకుంటూ దిగింది. మోకాలి కింద నుంచి మడమ దాకా కట్టు ఉంది.

"యాడరా వాడు? సిద్దప్ప యాడ?" అని ఆమె వేసిన కేకకు ఎదురు షాపువాళ్ళు కూడా బయటికి వచ్చారు. సిద్దప్ప ముందుకు వచ్చాడు. ఆమె అతన్ని చూడగానే ఉస్తాద్ వైపు తిరిగింది. "సాయబన్నా, నువ్వు నేర్పిన పనేనా ఇది? నలభై ఏండ్ల నుంచి నీ పేరు చెప్పుకుంటాండారు ఊర్లో. ఈ పని నేర్పేదానికేనా?"

ఉస్తాద్‌కు ఏమీ తెలియదు. ఆయన ఆటోలోని బండిని చూశాడు. పొట్టి సైలెన్సర్ చూశాడు. వెనక చక్రంలో కొత్తగా మెరుస్తున్న చిన్న పళ్ళచక్రం చూశాడు. తర్వాత సిద్దప్పను చూశాడు. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయమని సిద్దప్ప నాతో అన్నాడు.

జరిగింది ఆమే చెప్పింది. కొత్త సామాను వేసిన రోజు నుంచీ బండి చదునులో ఎగిరెగిరి పోతోంది, కొండ దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తోంది. అలవాటవుతుందిలే అనుకుని వారం ఓర్చుకుంది. నిన్న తెల్లవారి మేకలబండ అనే నిట్టనిలువు మలుపులో బండి ఒక్కసారిగా ఆగిపోయింది. బరువుకు వెనక్కు జారింది. ఆమె కాలు ఆనించి ఆపుకోబోతే, పైన రేకు కవరు కూడా లేని ఆ పొట్టి సైలెన్సర్ పిక్కకు అతుక్కుంది. బండీ ఆమే ఒకటై పక్కకు పడ్డారు. వెనకనే వస్తున్న బస్సు డ్రైవరు చూసి బ్రేకు వేశాడు గనుక ఈ రోజు ఆ మాట చెప్పడానికి ఆమె మిగిలింది.

"ఆసుపత్రిలో చర్మం గీకి కట్టు కట్టినారు. రెండు వారాలు కాలు కింద పెట్టొద్దంటాండారు" అంది.

సిద్దప్పకు భయం వేసింది. భయం వెంటే కోపం వచ్చింది. ఎదురు షాపువాళ్ళు చూస్తున్నారు. అతని నోట్లోంచి ఒక మాట జారింది: "నేనేసినవన్నీ కొత్త సామాన్లే ఉస్తాద్. బండిలో తప్పు లేదు. ఆయమ్మకే గేర్లు వేసి ఎక్కించేది తెలియలేదు."

ఉస్తాద్ చేతిలో పదిహేడో నంబరు స్పానర్ ఉంది. అది గాల్లో పోయి అవతలి గోడకు ఆనించిన రేకుడ్రమ్మును తాకింది. ఆ చప్పుడుకు షెడ్డు మీది పావురాలు లేచిపోయాయి. ఐదేళ్ళలో ఆయన చేతిలోంచి ఒక నట్టు కూడా విసురుగా పడటం ఎవరూ చూడలేదు.

మునిరత్నమ్మ మాత్రం అదరలేదు. "నువ్వు సైకిలు తొక్కే నాటి నుంచి ఎక్కుతాండా ఆ కొండ నేను" అంది సిద్దప్పతో, ఈసారి కేక వేయకుండా.

ఉస్తాద్ ఆమెను అడిగాడు: "ఏం కావాలని అడిగినావమ్మా వీడిని?"

"పికప్ అడిగినా. మేకలబండ కాడ పిండిగిన్నెలతో ఎక్కలేకపోతాండాదని చెప్పినా. బరువు చెప్పినా, గేరు చెప్పినా. వీడు వింటే గదా! నేను మాట్లాడతాండంగానే సైలెన్సర్ ఊడదీస్తాండాడు."

ఉస్తాద్ బండిని ఆటోలోంచి దింపించాడు. హ్యాండిల్ తానే సరిచేశాడు. రెండు పిండిగిన్నెల్లో అంచుదాకా నీళ్ళు పోయించి, మూతలు బిగించి, బండికి రెండు వైపులా కట్టించాడు. వెనక సిలిండర్ కట్టించాడు. తాళం సిద్దప్ప చేతిలో పెట్టి, "ఎక్కించు" అన్నాడు.

"ఈ బరువుతోనా? ఇంజన్ దెబ్బతింటుంది ఉస్తాద్."

"ఆయమ్మ ఎక్కినప్పుడు దెబ్బతినదనుకున్నావా?"

సిద్దప్ప బండెక్కాడు. వెనక లగేజీ ఆటోలో ఉస్తాద్ కూర్చున్నాడు. కట్టుకాలుతో ఎందుకమ్మా, ఇంటికి పో అంటే మునిరత్నమ్మ వినలేదు. "నేనూ చూడల్ల" అని ఆటో వెనక గోతాం పరుచుకుని కాలు చాపుకుంది.

కొండ మొదలు దాకా దారి చదునే. బండి బాగానే పోయింది. రోడ్డు పక్క మనుషులు ఆ శబ్దానికి తిరిగి చూస్తుంటే, అంత అవమానంలోనూ తనకు లోపల కొంచెం గర్వంగానే ఉండిందని, ఆ సంగతి తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు మండుతుందని సిద్దప్ప చెప్పాడు. ఘాటు మొదలయ్యాక మూడో గేరు పట్టలేదు. రెండులోకి దించాడు. నాలుగు మలుపులు దాటేసరికి రెండోదీ పట్టలేదు. ఒకటిలో ఇంజన్ గొంతు చించుకుంటోంది, బండి మాత్రం నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోతోంది. క్లచ్ ప్లేట్లు మాడిన వాసన ముక్కుకు తగిలింది. మేకలబండ మలుపులో రోడ్డు మీద తెల్లగా ఎండిపోయిన పిండి మరక ఉంది. దాని మీద బస్సు టైర్ల అచ్చు కూడా పడి ఉంది. సరిగ్గా అక్కడికి రాగానే ఇంజన్ రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

బండి వెనక్కు జారడం మొదలుపెట్టింది. ముందు బ్రేకు గట్టిగా పట్టుకున్నాడు. బరువంతా వెనకే ఉన్నందున ముందు చక్రం బిగిసినా, రోడ్డు మీది ఇసుకలో అట్లాగే జారింది. కుడికాలితో వెనక బ్రేకు తొక్కితే బండి ఆగింది. కిక్కు కొట్టాలంటే అదే కుడికాలు తీయాలి. తీస్తే బండి లోయవైపు జారుతుంది. అట్లా బ్రేకు మీద కాలు బిగించి, అటూ ఇటూ కదలలేక, చెమటలు కారుతూ నిలబడిపోయాడు. ఆటో దిగి వచ్చిన ఉస్తాద్ వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాడు.

"మళ్ళీ" అన్నాడు.

కిక్కు కొట్టి గేరు వేస్తే బండి రెండు మూరలు ముందుకు కదిలి, ఆగి, వెనక్కు వచ్చి రాయి మీద పడింది. "మళ్ళీ." మూడోసారి కిక్కు కొడుతుండగా బండి ఒక పక్కకు ఒరిగింది. దాన్ని ఆపబోయిన సిద్దప్ప పిక్క సైలెన్సర్‌కు తగిలింది. ప్యాంటు గుడ్డ కాలి చర్మానికి అంటుకుంది. అతను నొప్పితో, అంతకంటే ఎక్కువ కోపంతో అరిచాడు.

"ఏం సాధించాలని ఉస్తాద్ ఇది? కాలు కాలింది, కనపడలేదా? చాలు!"

ఉస్తాద్ రాయిని చక్రం కిందికి తోసి, బండి నిలిచిందని చూసుకున్నాకే తల ఎత్తాడు. "నువ్వు చాలన్యావు, నేను రాయి పెట్టినా. నిన్న ఆయమ్మ చాలంటే ఈడ ఎవరుండినారు?"

సిద్దప్ప ఆటో వైపు చూశాడు. మునిరత్నమ్మ నవ్వుతుందేమో, కనీసం అయ్యో అంటుందేమో అనుకున్నాడు. ఆమె అతని కాలిని చూసింది. తర్వాత లోయవైపు ముఖం తిప్పుకుంది.

మరుసటి రోజు ఉస్తాద్ అతన్ని ఆమె ఇంటికి పంపాడు. "పోయి అడుగు. విను. ఏ నట్టూ ముట్టుకోవద్దు" అన్నాడు. మునిరత్నమ్మ అతన్ని గడప లోపలికి రానీయలేదు. అరుగు మీద కూర్చోమని కూడా అనలేదు. ఎండలో నిలబెట్టి, తిడుతూనే అన్నీ చెప్పింది. రెండేళ్ళ కిందట మేకలబండ దగ్గర రెండో గేరులో గునగునా ఎక్కేదట. పోయిన ఎండాకాలం నుంచి ఉబ్బసం పట్టినట్టు ఆయాసపడటం మొదలైందట. దిగేటప్పుడు కూడా ఎవరో వెనక పట్టుకు లాగుతున్నట్టు ఉండేదట. వానరోజుల్లో చైను కిర్రుమనేదట. ఇంత వివరంగా ఒక బండి జబ్బును అతనికి ఏ మెకానిక్కూ ఎన్నడూ చెప్పలేదు. ఆదివారం తన వాకిట్లో ఆమె చెప్పబోయింది కూడా ఇవే మాటలు.

షెడ్డుకు వచ్చి, తాను వేసిన సామానంతా విప్పి పక్కన పెట్టాడు. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరక్కుండా ఆగిపోయింది. బ్రేకు లోపల అరిగి బిగిసిపోయి, పోయిన ఎండాకాలం నుంచీ చక్రాన్ని పట్టుకునే ఉంది. పొట్టి సైలెన్సర్ బిగించిన రోజు ఆ చక్రాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి చేత్తో తిప్పి ఉంటే తెలిసేది. తన వాకిట్లో మూల పారేసిన పాత గాలి ఫిల్టరు తెచ్చి చూస్తే, పిండీ దుమ్మూ చేరి అట్టకట్టి ఉంది. వాల్వుల దగ్గర ఉండాల్సిన వెంట్రుకవాసి సందు పూర్తిగా పోయింది. చైను ఎండి కట్టెలా బిగుసుకుపోయింది. టైర్లలో సగం గాలే ఉంది.

సిద్దప్ప ఒక్కొక్కటీ సరిచేస్తున్నాడు. చేస్తున్నకొద్దీ కోపం పెరుగుతోంది. ఈ నాలుగు ముక్కలూ ఆ రోజే ఉస్తాద్ చెప్పి ఉంటే ఎవరి కాలూ కాలేది కాదు గదా అనుకున్నాడు. చివరికి ఆ మాట పైకే అన్నాడు. ఉస్తాద్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తాగడం ఆపలేదు. సిద్దప్ప తలవంచుకుని పని చేసుకుంటూ, చెప్పి ఉంటే తాను విని ఉండేవాడా అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. దానికి వచ్చిన జవాబు ఆ కోపాన్ని ఇంకా పెంచింది.

కొత్తగా కొన్నవి కొన్నే: గాలి ఫిల్టరు, ప్లగ్గు, బ్రేకు ముక్కలు, మాడిన క్లచ్ ప్లేట్లు, చైనుకు ముందు వైపు ఒక పన్ను తక్కువున్న చిన్న చక్రం. ముందు వైపు ఆ ఒక్క పన్ను తగ్గితే, వెనక చిన్న చక్రం చేసినదానికి తలకిందులుగా, చదునులో వేగం కొంచెం పోతుంది, ఎత్తులో లాగే బలం వస్తుంది. పాత సైలెన్సర్ మీది రేకు కవరును సిద్దప్ప రెండుసార్లు బిగించాడు. సాయంత్రం నీళ్ళగిన్నెలతో మళ్ళీ కొండకు తీసుకుపోయాడు. మేకలబండను బండి రెండో గేరులోనే, గొంతు పెంచకుండా ఎక్కింది. సంతోషంతో కిందికి దిగివచ్చి ఉస్తాద్‌కు చెప్పాడు.

ఉస్తాద్ బండి చూడలేదు. "ఆయమ్మ కాలు మానేదాకా పిండి ఎవరు మోస్తారు?" అన్నాడు.

అట్లా పదమూడు రోజులు సిద్దప్ప తెల్లవారుజామునే మునిరత్నమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె భర్త గిన్నెలు తెచ్చి ఇచ్చేవాడు. ఆమె లోపలి నుంచే, "ఎడమపక్క తాడు వదులుగా ఉండాది, మళ్ళా కట్టు" అని కేక వేసేది. ముఖం చూపించేది కాదు. కొండ మీద కాపురముండే ఆమె చెల్లెలు ఇడ్లీలు వేసి అమ్మేది. అక్కడికి రోజూ వచ్చే ఫారెస్టు గార్డులు, గెస్టుహౌసు వాచ్‌మెన్లు, "రత్నమ్మకేమైంది?" అని సిద్దప్పనే అడిగేవాళ్ళు. మొదటి రెండు రోజులు, "బండి మీద నుంచి పడింది" అని చెప్పాడు. మూడోరోజు వాచ్‌మెన్ ఒకాయన, "ఆయమ్మా? పడిందా? బండి మీద నుంచా?" అని నమ్మకుండా చూశాడు. అప్పుడు సిద్దప్ప, "నేను పడేసినా" అన్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాడు. విని కొందరు తిట్టారు. ఒక గార్డు ఆ రోజు అతను అందించిన ఇడ్లీ తినకుండానే లేచిపోయాడు.

ఆరోరోజు చదును రోడ్డు మీద ఆ ముగ్గురు కుర్రాళ్ళు దడదడమనే బండితో వెనక నుంచి వచ్చి, పక్కనే నడుపుతూ, "ఇడ్లీ మెయిలు పోతాంది, దారియ్యండ్రోయ్" అని ఎగతాళి చేశారు. సిద్దప్పకు కళ్ళు ఎర్రబడ్డాయి. వాళ్ళను దాటాలని యాక్సిలరేటర్ మెలితిప్పాడు. బండి తన ధోరణిలో తాను పోయింది తప్ప ఎగరలేదు. గిన్నె మూత సడలి, చల్లటి పిండి అతని వీపు మీదుగా కారింది. అతను పళ్ళు కొరుక్కుని వేగం తగ్గించి, రోడ్డు పక్కన ఆపి, మూత బిగించి, మిగిలిన పిండిని జాగ్రత్తగా కొండెక్కించాడు. ఆ రోజు నలభై ఇడ్లీలు తక్కువయ్యాయి. సాయంత్రం మునిరత్నమ్మ తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. ప్రతి తిట్టూ నిజమే. అది ఇంకా మండించింది.

పద్నాలుగో రోజు ఆమె కాలికి కట్టు లేదు. మోకాలి కింద గులాబిరంగు కొత్త చర్మం, చుట్టూ నల్లటి అంచు. బయటికి వచ్చి, సిద్దప్ప చేతిలోంచి తాళం తీసుకుంది. అతను ముందురోజే బండిని తుడిచి మెరిపించి, కాళ్ళు పెట్టుకునే చోట కొత్త రబ్బర్లు వేసి ఉంచాడు. ఆమె వాటిని చూడలేదు. వంగి వెనక చక్రాన్ని చేత్తో తిప్పింది. అది చాలాసేపు తిరిగింది. గిన్నెలు తానే కట్టుకుని, కిక్కు కొట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కొండ దిగి, ఇంటికి పోకుండా నేరుగా షెడ్డు ముందు వచ్చి ఆగింది. సిద్దప్ప చేతులు తుడుచుకుంటూ లేచాడు. పదమూడు రోజుల మోత, మాడిన పిక్క, పోయిన నిద్ర, అన్నిటికీ ఇప్పుడొక మంచిమాట వస్తుందని అతనికి గట్టి నమ్మకం.

ఆమె బండి దిగలేదు. "బండి బాగుండాది. ఇంత బాగా ఎప్పుడూ ఎక్కలేదు" అంది. అతని ముఖం విప్పారుతుండగానే తర్వాతి మాట అంది: "నువ్వు మాత్రం నా కంటికి కనపడగాకు."

బండి తిప్పుకుని పోయింది. శబ్దం దూరమయ్యేదాకా సిద్దప్ప కదల్లేదు. తర్వాత తుడుచుకుంటున్న గుడ్డను నేలకేసి కొట్టాడు.

"చూసినారా ఉస్తాద్? పదమూడు రోజులు మోసినా. అందరి ముందరా తప్పు ఒప్పుకున్నా. నా కాలూ కాలింది. బండి ఇంత బాగా ఎప్పుడూ ఎక్కలేదని తన నోటితోనే చెప్పింది. అయినా ఆయమ్మ కోపం పోలేదు. ఇంకేం చెయ్యల్ల నేను? ఏం చేస్తే పోతాది?"

ఉస్తాద్ అప్పుడు ఒక పోస్టుమ్యాన్ బండి వెనక చక్రం బిగిస్తున్నాడు. చేతిలోని స్పానర్‌ను సిద్దప్పకు అందించి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఉండనీరా ఆ కోపం," అన్నాడు. "అదీ పోతే, నువ్వు బోల్టు బిగించేటప్పుడు నీ చేతిని కనిపెట్టుకుని నీ పక్కన ఎవరుంటారు?"